గనిలో తెల్లపొడి ఎందుకు చల్లుతారు? బొగ్గు దుమ్ము పేలుడు గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

భూపాలపల్లి_కొత్త | సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. మాది పరకాల దగ్గర ఊరు. బాపు ఆరోగ్యం బాగాలేక బాయి (గని) పని మానేస్తే డిపెండెంట్ కింద ఆ ఉద్యోగం నాకు వచ్చింది. భూపాలపల్లి వైపు ఒక భూగర్భ గనిలో చేరి రెండు నెలలైంది. ట్రైనింగ్ అయ్యాక స్టోన్ డస్టింగ్ గ్యాంగులో వేశారు. సంచులు లోపలికి మోయాలి, విప్పాలి, గోడలకూ రూఫుకూ నేలకూ తెల్లపొడి కొట్టాలి. రోజూ ఇదే.

ట్రైనింగులో ‘బొగ్గు దుమ్ము పేలకుండా చల్లుతారు’ అని ఒక్క మాట చెప్పి ముందుకు పోయారు. కింద పడి ఉన్న దుమ్ము ఎలా పేలుతుంది? మా గని డిగ్రీ-1, గ్యాస్ పెద్దగా లేదంటున్నారు. మరి ఇంత పొడి అవసరమా? తోటివాళ్ళు ‘ఇదేం పని, బొగ్గు తీసేదే పని’ అంటున్నారు. నేను చేసే పని ఎందుకో నాకు తెలియాలి. అందుకే అడుగుతున్నా.

---

మందమర్రి_ఓవర్‌మన్ | సోమవారం రాత్రి 10:25

తమ్ముడూ, ముప్పై రెండేళ్ళు బాయి పని చేసి రిటైరైనవాణ్ణి. చేరిన కొత్తలో నాకూ ఇదే అనుమానం ఉండేది. మా సర్దార్ (షిఫ్టులో పని చూసే పెద్ద) ఒకాయన నన్ను బెల్టు ట్రాన్స్‌ఫర్ పాయింట్ దగ్గరికి తీసుకుపోయాడు. ఒక బెల్టు మీది బొగ్గు ఇంకో బెల్టు మీద పడే చోటన్నమాట. అక్కడి గోడకు ముందు రోజే తెల్లపొడి కొట్టారు. క్యాప్ ల్యాంప్ వెలుగు పక్క నుంచి పడేలా తల వంచి చూడమన్నాడు. తెలుపు మీద పలుచగా బూడిదరంగు పొర. పక్కనే ఉన్న నీళ్ళ పైపు మీద వేలితో గీత గీశాడు. గీత లోపల తెల్లగా, చుట్టూ నల్లగా ఉంది. ‘రెండు షిఫ్టుల్ల పడ్డది ఇది’ అన్నాడు. ఆ వేలు నా ముఖం ముందు పెట్టి ఉఫ్‌మని ఊదాడు. దుమ్ము కిందికి రాలలేదు. ల్యాంపు వెలుగులో తేలుతూ, గాలి పోయే దిక్కుకే మెల్లగా సాగిపోయింది. ‘చూసినవా, రాలదు. పేలేది ఇదే’ అన్నాడు.

పొయ్యిలో మొద్దు పెడితే గంటసేపు కాలుతుంది. అదే మొద్దును రంపంతో కోసినప్పుడు వచ్చే పొట్టును నిప్పు మీద చల్లితే భగ్గుమంటుంది. మొద్దుకు పైపైనే గాలి తగులుతుంది, పొట్టులో ప్రతి రవ్వ చుట్టూ గాలే. బొగ్గు పెళ్ళకూ బొగ్గు దుమ్ముకూ తేడా అంతే. (ఎవరూ ఇంట్లో చేసి చూడకండి. పిల్లలు కూడా చదువుతారు కాబట్టి చెబుతున్నా.)

నేల మీద ఊరికే పడి ఉన్న దుమ్ము తనంతట తాను పేలదు. ముందు ఏదో చిన్నది జరగాలి. ఎక్కడో మూలన కాస్త గ్యాస్ (మీథేన్) అంటుకోవచ్చు, లేదా బొగ్గు పేల్చే రంధ్రంలో మట్టి సరిగ్గా కూరకపోతే పేలుడు మందు తుపాకీలా బయటికి తన్నుకురావచ్చు. దాని ఒత్తిడి మంట కన్నా ముందు పరుగెత్తి, నేల మీదా పైపుల మీదా పడుకున్న దుమ్మునంతా లేపుతుంది. వెనకే వచ్చే మంటకు మేత సిద్ధంగా ఉంటుంది. ఆ మంట మళ్ళీ ఒత్తిడి పుట్టిస్తుంది, అది ముందున్న దుమ్మును లేపుతుంది. దుమ్ము ఉన్నంత దూరం అది ఆగదు. ఫేసులో, అంటే బొగ్గు తీసే చోట, మొదలైంది మనుషులు నడిచే మ్యాన్‌వే దాకా వస్తుంది.

నువ్వు చల్లే పొడి ఆ దుమ్ముతో కలిసి ఉంటే రెండూ కలిసే లేస్తాయి. సున్నపురాయి పొడి కాలదు, పైగా మంట వేడిని తాగేస్తుంది. మంట ముందుకు పోవడానికి సరిపడా వేడి మిగలదు.

---

ఖని_నైట్‌షిఫ్ట్ | మంగళవారం ఉదయం 6:50

డ్యూటీ దిగి చదువుతున్నా. ఓవర్‌మన్ సార్ చెప్పింది కాదనను. కానీ మన దగ్గర మనుషులు పోయేది ఎక్కువగా రూఫ్ పడి. 2003లో గోదావరిఖనిలో నీళ్ళు చొచ్చుకొచ్చి 17 మంది పోయారు. రూఫుకు బోల్టింగ్ సరిగ్గా లేదని, నీళ్ళు నిండిన పాత వర్కింగుల ప్లాన్ సరిగ్గా లేదని మనం కొట్లాడాలి గానీ, ఎప్పుడో ఎక్కడో జరిగిన పేలుడు గురించి ఇంత సమయమా? పైగా మన గనుల్లో గ్యాస్ తక్కువ. నా అభిప్రాయం చెప్పాను, తప్పుంటే చెప్పండి.

---

హన్మకొండ_మాస్టారు | మంగళవారం మధ్యాహ్నం 1:15

ఖని తమ్ముడికి నా సమాధానం. గ్యాస్ తక్కువ అన్న ధైర్యమే చరిత్రలో చాలామందిని చంపింది.

1906 మార్చి 10, ఫ్రాన్స్‌లో కూరియేర్. గ్యాస్ బెడద లేని గని అని పేరు, లోపల మామూలు మంట దీపాలే వాడేవాళ్ళు. పేలుడు ఒక గుంట నుంచి ఇంకో గుంటకు సొరంగాల వెంట పాకింది. 1,099 మంది చనిపోయారు. యూరప్ గనుల చరిత్రలో అంతకన్నా పెద్ద ప్రమాదం లేదు. ఇక ఎవరూ బతికి లేరనుకున్నాక, ఇరవై రోజులకు పదమూడు మంది చీకట్లో దారి వెతుక్కుంటూ తమంతట తామే బయటికి వచ్చారు. అంతమందిని చంపింది గ్యాస్ కాదు, దుమ్ము.

దుమ్ము మీద అనుమానం అంతకు అరవై ఏళ్ళ ముందే ఉంది. 1844లో ఇంగ్లండ్‌లోని హాస్‌వెల్ గనిలో 95 మంది పోతే, విచారణకు శాస్త్రవేత్తలు మైఖేల్ ఫారడేనూ చార్లెస్ లైయెల్‌నూ పంపారు. ఫారడే అంటే విద్యుత్తు పాఠంలో మనందరం చదివిన ఫారడేనే. వాళ్ళు గని లోపలికి దిగి చూశారు. స్తంభాలకు కాలి కోక్‌గా మారిన దుమ్ము పెచ్చులు అంటుకుని ఉన్నాయి. గ్యాసుతో పాటు దుమ్మూ కాలిందని నివేదికలో రాశారు. ఆ రోజు జరిగిన ఒక సంగతి లైయెల్ తర్వాత చెప్పాడు. గాలి ఎంత వేగంగా పోతోందో చూపడానికి అక్కడివాళ్ళు చిటికెడు తుపాకి మందు కొవ్వొత్తి మంట మీద వేసి, పొగ ఎంతసేపట్లో ఎంత దూరం పోతుందో చూసేవారట. మందు సంచి ఎక్కడ పెట్టారని ఫారడే అడిగితే, మీరు కూర్చున్నది దాని మీదే అన్నారట. ప్రాణం పట్ల ఆ రోజుల్లో ఉన్న పట్టింపు అంత.

ఆ నివేదికను గని యజమానులు పట్టించుకోలేదు. 1870లలో వేల్స్‌లో విలియం గాలోవే ప్రయోగాలు చేసి దుమ్మే అసలు ముద్దాయి అని చెప్పినా చాలామంది ఒప్పుకోలేదు. 1886లో యార్క్‌షైర్‌లోని ఆల్టాఫ్ట్స్ గనిలో పేలుడు జరిగాక విలియం గార్‌ఫోర్త్ ఒక విషయం గమనించాడు. గని లోపలి రోడ్డు మీద బొగ్గు దుమ్ముకు బదులు రాతి దుమ్ము పేరుకున్న చోట మంట చచ్చిపోయింది. నువ్వు రోజూ మోస్తున్న సంచికి మూలం అదే, కొత్త తమ్ముడూ. 1908లో ఆయన ఆల్టాఫ్ట్స్‌లోనే పెద్ద ఇనుప గొట్టం లాంటి గ్యాలరీ కట్టి దుమ్మును పేల్చి, రాతిపొడితో ఆపి చూపించాడు. బ్రిటన్‌లో స్టోన్ డస్టింగ్ తప్పనిసరి అయింది మాత్రం 1920లో. ఈ మధ్యలోనే, 1913లో, వేల్స్‌లోని సెంగెనిడ్‌లో 439 మంది కార్మికులు, ఒక రక్షకుడు చనిపోయారు. మేనేజరుకు పడిన జరిమానా 24 పౌండ్లు. ఇది ఎప్పుడు చెప్పినా నాకు గొంతు పట్టేస్తుంది.

---

భూపాలపల్లి_కొత్త | మంగళవారం రాత్రి 8:05

మాస్టారూ, చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. మన దేశంలో ఇలాంటివి జరిగాయా?

---

హన్మకొండ_మాస్టారు | మంగళవారం రాత్రి 8:50

జరిగాయి నాయనా. 1936 డిసెంబరులో బెంగాల్‌లోని పొయిదీలో 209 మంది. 1958 ఫిబ్రవరి 19న చినాకురిలో 175 మందికి పైగా. అది గ్యాసుతో మొదలై దుమ్ముతో పెరిగింది. 1965 మే 28న అప్పటి బీహార్‌లోని ధోరీలో 268 మంది, అది బొగ్గు దుమ్ము పేలుడే. చస్నాలా అంటే అందరికీ గుర్తుకొస్తుంది, అది నీళ్ళ ప్రమాదం. ధోరీ పేరు మన దగ్గర కొత్తగా గనిలో చేరే పిల్లల్లో సగం మంది విని ఉండరు.

జపాన్‌లోని మిఇకె గురించి కూడా చెప్పాలి. 1963 నవంబరు 9. వాలు దారిలో పోతున్న టబ్బుల (బొగ్గు మోసే బండ్ల) లింకు తెగింది. టబ్బులు వెనక్కి దొర్లి బోల్తా పడ్డాయి. లేచిన దుమ్ముకు నిప్పు అంటుకుంది. 458 మంది చనిపోయారు, 800 మందికి పైగా విషవాయువు పీల్చి మెదడు దెబ్బతిని బతికారు. చూడండి, మొదలైంది గ్యాసుతో కాదు, మందుతో కాదు, తెగిన ఒక లింకుతో. మన గనుల్లో హాలేజ్ రోప్ మీద టబ్బులు నడిపించినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు, వాళ్ళకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

---

చెల్పూరు_బాయిలర్ | మంగళవారం రాత్రి 10:10

నేను గనివాణ్ణి కాదు, థర్మల్ ప్లాంటులో బాయిలర్ వైపు పని చేస్తాను. మీకు ప్రమాదం అనిపించేదే మా దగ్గర రోజువారీ పని. గని నుంచి వచ్చిన బొగ్గును మిల్లులో ముఖానికి రాసుకునే పౌడర్ లాగా మెత్తగా విసురుతాం, ఎక్కువ భాగం 75 మైక్రాన్ల లోపు ఉండేలా. దాన్ని గాలితో కలిపి బాయిలర్‌లోకి ఊదితే గ్యాస్ స్టవ్ మంట లాగా కాలుతుంది. అందుకే మిల్లు వేడి కాస్త పెరిగినా మాకు టెన్షన్. మిల్లు లోపల నిప్పు అంటుకుంటే గాలి తగ్గించి ఆవిరి వదులుతాం. బాయిలర్‌లో పద్ధతిగా జరిగేదే, గనిలో మనుషులున్న గ్యాలరీలో పద్ధతీ పాడూ లేకుండా జరిగితే ఎలా ఉంటుందో ఊహించండి. కింద పడిన దుమ్ము ఎలా పేలుతుందని కొత్త తమ్ముడు అడిగాడు కాబట్టి రాశాను.

---

గాలి_లెక్కలు | బుధవారం ఉదయం 7:30

వెంటిలేషన్ విభాగంలో పని చేస్తాను. కాస్త లెక్క చెప్తాను, ఓపిగ్గా చదవండి.

గాలిలో ఘనపు మీటరుకు సుమారు 50 గ్రాముల బొగ్గు దుమ్ము లేస్తే పేలడానికి చాలు. గ్యాలరీ వెడల్పు 4.2 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు అనుకోండి. ఒక మీటరు పొడవులో సుమారు పన్నెండున్నర ఘనపు మీటర్ల గాలి. అంటే మీటరుకు 630 గ్రాములు. అది నేల మీద, గోడల మీద, రూఫు కింద పరుచుకుంటే కాగితమంత మందం కూడా రాదు. ‘మా రోడ్డులో దుమ్మే లేదు సార్’ అనేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. కంటికి దుమ్ము ఉన్నట్టు అనిపించే దశ వచ్చేసరికే అది ప్రమాదం దాటిపోయి ఉంటుంది.

డిగ్రీ-1 అంటే గ్యాస్ లేదని కాదు. టన్ను బొగ్గుకు వచ్చే గ్యాస్ ఒక ఘనపు మీటరు లోపు, గాలిలో 0.1 శాతం లోపు అని మాత్రమే. ఫ్యాన్ ఆగిపోయినా, గాలి తగలని ఎత్తైన మూల ఉన్నా, అక్కడ 5 శాతం దాటితే మీథేన్ పేలుతుంది. దుమ్ముతో పాటు కాస్త గ్యాస్ కూడా కలిస్తే 50 గ్రాములు కూడా అక్కర్లేదు.

ఇంకో ముఖ్యమైన మాట. అన్ని బొగ్గులూ ఒకేలా పేలవు. ఆంత్రసైట్ దుమ్ము దాదాపు పేలదు. వేడికి ఆవిరయ్యే భాగం, అంటే వొలటైల్ మ్యాటర్, ఎంత ఎక్కువైతే అంత ముప్పు. మన గోదావరి లోయ బొగ్గులో అది ఎక్కువే. మన నిబంధనల ప్రకారం వొలటైల్ 30 శాతం లోపు ఉన్న బొగ్గుకు రోడ్డు దుమ్ములో 75 శాతం కాలని పదార్థం ఉండాలి, 30 దాటితే 85 శాతం. బొగ్గులోని బూడిద, తేమ కూడా ఈ లెక్కలో కలుస్తాయి. అవి పక్కన పెట్టి చూస్తే, కిలో బొగ్గు దుమ్ముకు ఐదున్నర కిలోలకు పైగా తెల్లపొడి కావాలి. ఇన్ని సంచులు ఎందుకు మోస్తున్నావో అర్థమైంది కదా తమ్ముడూ.

---

ఖని_నైట్‌షిఫ్ట్ | బుధవారం ఉదయం 8:20

లెక్క అర్థమైంది సార్. నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నా. కానీ పొడి బదులు నీళ్ళు కొడితే సరిపోదా? ట్యాంకరు ఉంది, పైపులు ఉన్నాయి, మోసే బాధ ఉండదు.

---

గాలి_లెక్కలు | బుధవారం ఉదయం 11:05

నీళ్ళకు నిబంధనల్లో చోటుంది. కానీ దుమ్ములో బరువుకు 30 శాతం నీళ్ళు ఎప్పుడూ కలిసి ఉండాలి. పిండిలో నీళ్ళు కలిసినట్టు కలవాలి, పైన చిలకరిస్తే కాదు. బొగ్గు దుమ్ముకు నీళ్ళు అంత తేలిగ్గా అంటవు, తామరాకు మీద నీటిబొట్టులా జారిపోతాయి. పైగా మనం రోజంతా ఫ్యాన్‌తో గాలి తోస్తుంటాం. పొద్దున తడిసింది సాయంత్రానికి ఎండుతుంది, వేసవిలో మరీ తొందరగా. రూఫును తడిపి ఉంచడం ఇంకా కష్టం. నీళ్ళు పనికొచ్చేది దుమ్ము పుట్టే చోటే. డ్రిల్లింగ్ దగ్గర, కట్టర్ పళ్ళ దగ్గర, ట్రాన్స్‌ఫర్ పాయింట్ దగ్గర స్ప్రే సరిగ్గా పని చేస్తే సగం దుమ్ము లేవనే లేవదు. మిగిలిన సగానికి పొడి. రెండూ కావాలి.

రూఫు గురించి నువ్వన్నదీ నిజమే. అది వదిలి ఇది పట్టుకోమని ఎవరూ అనరు. రూఫు పడితే దాని కింద ఉన్నవాళ్ళు పోతారు. దుమ్ము పేలితే షిఫ్టు మొత్తం పోతుంది.

---

బెల్లంపల్లి_బిడ్డ | బుధవారం రాత్రి 9:15

అన్నలందరికీ నమస్తే. మా బాపు కోల్ ఫిల్లర్, గనిలో బొగ్గు ఎత్తి నింపేవాడు. నేను నర్సుగా పని చేస్తున్నా. రెండు మాటలు చెప్పాలి.

ఒకటి, పేలుడులో మంటకు దొరికి పోయేవాళ్ళ కన్నా తర్వాత విషవాయువుకు పోయేవాళ్ళు ఎక్కువ. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. చైనాలోని బెన్‌షీహూ గనిలో 1942 ఏప్రిల్ 26న 1,549 మంది చనిపోయారు. గనుల చరిత్రలో అంతమంది ఇంకెక్కడా పోలేదు. అప్పుడు ఆ గని జపాన్ వాళ్ళ చేతిలో ఉండేది. మంట ఆర్పాలని లోపలికి గాలి ఆపేశారు. ఎక్కువమంది పోయింది పేలుడుతో కాదు, విషవాయువుతో అని యుద్ధం అయ్యాక విచారణలో తేలింది. అందుకే నడుముకు కట్టే సెల్ఫ్ రెస్క్యూయర్ బరువని పక్కన పెట్టకండి. అది ఇచ్చేది అరగంట ఊపిరి. పెట్టుకోవడం చీకట్లో, కళ్ళు మూసుకుని కూడా రావాలి. ట్రైనింగులో ఒకసారి పట్టుకుని చూస్తే చాలదు.

రెండోది కొత్త తమ్ముడికి. నువ్వు చల్లేది సున్నపురాయి పొడే కావచ్చు, ఊపిరితిత్తులకు మాత్రం ఏ దుమ్మూ మంచిది కాదు. సిలికా ఉన్న రాయి పొడి మరీ ప్రమాదం, అందుకే దాన్ని వాడరు. మాస్క్ అడుగు, ఇవ్వకపోతే మళ్ళీ అడుగు. గాలి వచ్చే వైపు నిలబడి చల్లు. మా బాపు మాస్క్ లేకుండా ఇరవై ఏళ్ళు చేశాడు. ఇప్పుడు మంచం మీద నుంచి గుమ్మం దాకా నడిచి కూర్చుంటాడు.

---

మందమర్రి_ఓవర్‌మన్ | గురువారం ఉదయం 6:15

చెల్లె చెప్పిన ప్రతి మాటా నిజం.

నా మనసులో ఉన్నది కూడా ఒకటి చెప్పేస్తాను. నేను పని చేసిన ఒక గనిలో, పేరు వద్దు, పైనుంచి ఇన్స్‌పెక్షన్ ఉందంటే ముందు రోజు రాత్రి మ్యాన్‌వే అంతా పెళ్ళి పందిరిలా తెల్లగా మెరిసేది. సార్లు నడిచే దారి అదే. బెల్టు రోడ్డు వెనక వైపు, రిటర్న్ గాలి (గని తిరిగి బయటికి పోయే గాలి) పోయే దారి మాత్రం నల్లగానే ఉండేవి. తేలే దుమ్ము పోయి పడేది సరిగ్గా ఆ రిటర్న్ దారిలోనే. నేనూ ఆ రాత్రులు సంచులు దింపించాను. ఎందుకని నోరు తెరిచి అడగలేదు. ఏమీ జరగలేదు కాబట్టి ఇవాళ ఈ మాట రాస్తున్నా. జరిగి ఉంటే రాయడానికి ఉండేవాణ్ణి కాదు.

తమ్ముడూ, నువ్వు చల్లేటప్పుడు ముందు పాత దుమ్ము ఊడ్చి ఎత్తారా లేదా చూడు. కుప్పల మీద తెల్లపొడి చల్లితే పైన తెలుపు, కింద బాంబు. తెల్లపొడి మీద కాగితమంత మందాన కొత్త బొగ్గు దుమ్ము పడినా మంట దాని మీదుగా పోతుందని అమెరికాలో ప్రయోగ గనుల్లో పేల్చి చూశారు. ఎందుకంటే పై పొరే ముందు లేస్తుంది. ఒకసారి చల్లి నెల మరిచిపోయే పని కాదు ఇది.

---

భూపాలపల్లి_కొత్త | గురువారం రాత్రి 9:30

కాకా, మా దగ్గర రూఫు కింద అడ్డంగా చెక్క పలకలు పెట్టి వాటి మీద కుప్పలుగా పొడి పోసి ఉంచారు. అది చల్లే పొడి నిల్వ అనుకుని మొన్న రెండు పలకల మీదిది తీసి వాడాను. సర్దార్ బాగా కోప్పడ్డాడు. అవి దేనికి?

---

గాలి_లెక్కలు | గురువారం రాత్రి 10:00

అది బారియర్ తమ్ముడూ, దాన్ని ఎప్పుడూ ముట్టకు. కూరియేర్ తర్వాత ఫ్రాన్స్‌లో తఫనెల్ అనే ఇంజనీరు లీవెన్‌లో ప్రయోగాలు చేసి రూపొందించిన పద్ధతి ఇది. పేలుడు ఒత్తిడి ముందు వస్తుంది కదా. అది పలకలను పడగొడుతుంది, పొడి గ్యాలరీ నిండా మబ్బులా లేస్తుంది. వెనకొచ్చే మంట ఆ మబ్బులోకి వచ్చి చస్తుంది. రోడ్డు మీద చల్లిన పొడి ఎక్కడైనా చాలకపోతే చివరి అడ్డు ఇది. ఫేసుకు దగ్గర తేలిక బారియర్, దూరంగా బరువు బారియర్ పెడతారు. మరీ దగ్గరుంటే పొడి లేచేలోపే మంట దాటిపోతుంది. ఫేసు ముందుకు జరిగితే బారియర్ కూడా జరగాలి. పొడి తేమకు గడ్డకట్టిందా అని చేత్తో నలిపి చూడాలి. గడ్డలు లేవవు, కింద పడతాయంతే. వానాకాలంలో ఇది మరీ చూసుకో. కొన్ని గనుల్లో పొడికి బదులు నీళ్ళ తొట్లు పెడతారు.

---

భూపాలపల్లి_కొత్త | మూడు వారాల తర్వాత, ఆదివారం సాయంత్రం 5:20

మళ్ళీ వచ్చాను. మీరు చెప్పినవన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నా.

ఆ రెండు పలకలూ నేనే మళ్ళీ నింపాను. పాత పొడి నలిపి చూస్తే నాలుగు పలకల మీద గడ్డలే, సర్దార్‌కు చూపిస్తే మార్పించాడు. దుమ్ము శాంపిల్ తీసేటప్పుడు నన్ను కూడా తీసుకుపొమ్మని అడిగాను. రూఫు నుంచి, గోడల నుంచి, నేల నుంచి వేరువేరుగా బ్రష్‌తో ఊడ్చి సంచుల్లో కట్టారు. నేను బాగా చల్లాననుకున్న బెల్టు రోడ్డులో రూఫు శాంపిల్ పాస్ కాలేదు. నేల, గోడలు పాస్. చేయి అందని చోట నేను వదిలేశానని అప్పుడు తెలిసింది. మర్నాడు అక్కడే మళ్ళీ కొట్టాం, ఈసారి నేను పైకి చూస్తూ కొట్టాను.

మాస్క్ రెండోసారి అడిగితే ఇచ్చారు, చెల్లెకు చెప్పండి. బాపుకు ఇదంతా చదివి వినిపించాను. ధోరీ పేరు ఆయనకు తెలుసు, వాళ్ళ సర్దార్ చెప్పేవాడట.

ఒక్క డౌట్ మిగిలింది. బెల్టు స్ట్రక్చర్ వెనకాల, గోడకూ బెల్టుకూ మధ్య జానెడు సందు ఉంటుంది. అక్కడ దుమ్ము బాగా పేరుకుంటోంది, బెల్టు నడుస్తుంటే చేయి పెట్టలేం. మీరంతా అక్కడ ఎప్పుడు, ఎలా ఊడ్చేవాళ్ళు?

---

మందమర్రి_ఓవర్‌మన్ | ఆదివారం రాత్రి 7:45

బెల్టు నడుస్తుండగా ఎప్పుడూ వద్దు తమ్ముడూ, ఎవరు తొందరపెట్టినా వద్దు. మెయింటెనెన్స్ షిఫ్టులో బెల్టు ఆపి, స్విచ్‌కు లాక్ వేయించి, తాళం నీ జేబులో పెట్టుకుని దిగాలి. పొడుగు కర్రకు చీపురు కట్టి, ముందు కాస్త నీళ్ళు చిలకరించి, గాలి వచ్చే వైపు నుంచి మొదలుపెట్టు. ఊడ్చింది అక్కడే కుప్ప చేసి వదలకుండా సంచుల్లో ఎత్తి బయటికి పంపు. తర్వాత పొడి కొట్టండి. రేపు మీ ఓవర్‌మన్‌తో మాట్లాడి ఆ షిఫ్టు ఎప్పుడో కనుక్కో, ఆయన కుదరదంటే ఇక్కడ రాయి.